రెండుసార్లు కట్ చేసిన ఫోన్: కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా

పోయిన నెల మంథని నుంచి ఒక అమ్మాయి ఈ బ్లాగుకు మెసేజ్ పెట్టింది. "అక్కా, మీ వియత్నాం ప్లాన్ చూసి నేను గూడ పాస్‌పోర్టుకు పెట్టుకుందామనుకున్న. మా ఇంట్ల మాత్రం మనసొంటి పేర్లున్నోళ్లకు అంత అల్కగ ఇయ్యరు అంటున్నరు. పెట్టాల్నా, వద్దా?" కింద ఆమె పేరుంది, ముస్లిం పేరు. జవాబు రాయడానికి రెండు నిమిషాలు చాలు. పెట్టుకో చెల్లీ, నీ పేరుతో ఏ ఇబ్బందీ లేదు అంటే అయిపోయేది. కానీ నాలుగు రోజులు నా వేళ్లు కదల్లేదు. ఆ మాట రెండేళ్ల కిందట నా స్నేహితురాలికి చెప్పాల్సింది, చెప్పలేదు. ఆమెకు చెప్పకుండా ముక్కూమొహం తెలియని అమ్మాయికి ఎలా చెప్పను? ఐదో రోజు పొద్దున బ్యాగు సర్దుకుని ఆదిలాబాద్ బయల్దేరాను.

ముందు సమీనా గురించి చెప్పాలి. కరీంనగర్‌లో మా ఇంటి వెనక వరసలోనే ఉండేది. నాది వీడియో పాఠాల కింద అక్షరాలు వేసే పని, ఆమెది ఆన్‌లైన్ దుకాణాల ఫొటోలు శుభ్రం చేసే పని. లాప్‌టాప్, నెట్ ఉంటే చాలు కదా, ఎండాకాలమంతా ఈ ఉక్కలో ఎందుకు ఉడకాలి అన్నది ఆమే. నేను సముద్రం ఫొటోలు చూస్తూ కూర్చుంటే ఆమె వీసా నిబంధనలు చదివేది. "మన పాస్‌పోర్టుతోని ముందుగాల ఎవరు రానిస్తరో చూడాలె స్వప్నా. ఏ ఊరు మంచిగున్నదో తర్వాత జూద్దాం" అనేది. ఎవరు రానిస్తారు, మన రూపాయి ఎక్కడ కాస్త నిలబడుతుంది, మన పని గంటలకు ఎక్కడి టైం కుదురుతుంది, ఇవన్నీ ఏడాది పాటు ఒక షీట్‌లో రాసి చివరికి వియత్నాంలోని డానాంగ్ దగ్గర ఆగింది. వీసా ఇంట్లో కూర్చుని పెట్టుకోవచ్చు, గది నెలకు ఇరవై రెండు వేలు, టైం మనకంటే గంటన్నర మాత్రమే ముందు. మీలో చాలామంది దాచుకున్న ఆ నెల రోజుల ప్లాన్, నా పేరుతో తిరుగుతున్న ఆ ప్లాన్, మొదటి నుంచి చివరి దాకా సమీనాది. నేను చేసిందల్లా దాని ప్రకారం వెళ్లి రావడమే.

కరీంనగర్ బస్టాండులో పొద్దున ఐదూ నలభైకి నిర్మల్ ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే టికెట్ ఉచితం. సీటుకు మాత్రం ఎవరూ పూచీ పడరు, పావుగంట ముందే వెళ్లి కిటికీలోంచి కర్చీఫ్ వేసుకోండి. జగిత్యాల దాటాక లాప్‌టాప్ తెరిస్తే కండక్టర్ తొంగి చూశాడు.

"బస్సులనే ఆఫీసు వెట్టినవా అమ్మా?"

"గంతేనన్నా. సాయంత్రం లోపట పంపియ్యాలె. వీడియోల కింద మాటలు రాస్త."

"మాట్లాడేది ఇనవడుతనే ఉంటది గదా, మల్ల రాసుడెందుకు?"

నా ఏడేళ్ల ఉద్యోగాన్ని ఒక్క ప్రశ్నతో తేల్చేశాడు. నవ్వొచ్చింది. కోరుట్ల, మెట్‌పల్లి దాకా సిగ్నల్ బాగానే అందింది. ఆర్మూర్‌లో పది నిమిషాలు ఆపితే పదిహేను రూపాయల టీ తాగాను. సోన్ దగ్గర గోదావరి వంతెన ఎక్కేసరికి పని చేయబుద్ధి కాక లాప్‌టాప్ మూసేశాను. ఆదిలాబాద్ దగ్గరయ్యే కొద్దీ నాకు భయం పెరుగుతోంది.

జరిగింది ఇది. సమీనా పాస్‌పోర్టుకు అప్పటికి నాలుగు నెలల గడువే మిగిలింది, వీసాకేమో ఆరు నెలలుండాలి. అందుకని కొత్తదానికి పెట్టుకుంది. ఆ దరఖాస్తులో, ఉండే చోట మనల్ని ఎరిగిన ఇద్దరి పేర్లు, నంబర్లు ఇవ్వాలి. విచారణకు వచ్చే పోలీసు వాళ్లను అడుగుతాడు. అందులో రెండో పేరు నాది. "నీకు ఫోనొస్తది, జర ఎత్తు" అని సమీనా మూడుసార్లు చెప్పింది. విమానం టికెట్లు అప్పటికే కొనేశాం, చవకగా వస్తాయని డబ్బు వెనక్కి రాని రకం కొన్నాం. ఒక మధ్యాహ్నం హెడ్‌సెట్ పెట్టుకుని మీటింగులో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. కట్ చేశాను. మళ్లీ వచ్చింది, మళ్లీ కట్ చేశాను. ప్లాట్లు అమ్మేవాళ్లో, లోన్ కావాలా అనేవాళ్లో అనుకున్నాను. మర్నాడు అనుమానం వచ్చి నేనే చేస్తే, అవతల కానిస్టేబుల్ "సాక్షి దొరకలేదని రాసి పంపినమ్మా, ఇగ మీ దోస్తు పాస్‌పోర్టు ఆఫీసుకు వొయ్యి చెప్పుకోవాలె" అన్నాడు. ఆయన పని ఆయన చేశాడు. తప్పు నాది.

వారం తర్వాత సమీనాకు పోలీసు రిపోర్టు సరిగా లేదని, వచ్చి కలవమని పాస్‌పోర్టు ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. కారణం అందులో లేదు. నేను వాళ్లింట్లో కూర్చుని ఉండగానే వాళ్ల నాన్న అన్నారు, "మన పేర్లు జూస్తే గట్లనే ఉంటది బేటా. పరేషాన్ గాకు, ఇడిచిపెట్టు." సమీనా నా వైపు చూసింది. నేను టీ గ్లాసులోకి చూశాను. నిజం చెబితే ఆమె ఆఫీసుకు వెళ్తుంది, సరిచేసుకుంటుంది, దానికి నెల పడుతుంది, నన్ను ఆగమంటుంది, నా టికెట్ పోతుంది. నేను నోరు మూసుకున్నది అందుకే. అంతకంటే మంచి కారణం ఏమైనా ఉందేమోనని చాలాసార్లు వెతుక్కున్నాను, లేదు. సమీనా వాళ్ల నాన్న మాటే నమ్మి ఆఫీసుకు వెళ్లలేదు. పది రోజుల తర్వాత ఒక్కదాన్నే విమానం ఎక్కాను. అక్కడ ఉన్నన్నాళ్లూ ఆమె రోజూ మెసేజ్ పెట్టేది. ఏ వీధిలో చవకగా తినాలో, ఏ కాఫీ కొట్టులో నెట్ బాగుంటుందో చెప్పేది. ఆ తర్వాత అక్క దగ్గరికని ఆదిలాబాద్ వెళ్లిపోయింది.

నిర్మల్‌లో దిగేసరికి పదిన్నర దాటింది. అరగంటలో ఆదిలాబాద్ బస్సు దొరికింది, అదీ నిలబడే. ఘాట్ మలుపుల్లో కడ్డీ గట్టిగా పట్టుకోండి. ఇచ్చోడలో సీటు దొరికింది. ఒంటిగంటకు దిగితే, వస్తున్నానని నేను పెట్టిన మెసేజ్ చూసి సమీనా స్కూటీ వేసుకుని వచ్చి ఉంది. "గింత చిక్కినవేందే?" అని నవ్వింది. ఆ నవ్వు చూశాక వెనక్కి వెళ్లిపోదామా అనిపించింది.

బస్టాండు దగ్గర ఆమె రోజూ తినే మెస్‌కు తీసుకెళ్లింది. నడిపే ఆమెను అందరూ తాయి అంటారు, మరాఠీలో అక్క అని. రెండు జొన్నరొట్టెలు, శెనగపిండితో వండే పిట్ల, నూరిన పచ్చిమిరపకాయ కారం కలిపి ఎనభై రూపాయలు. "ఏడిగున్నప్పుడే తినుండ్రి బిడ్డా, సల్లారితే గట్టివడతది" అని తాయి రొట్టెలు వేసింది. నేను తుంచలేదు. ఫోన్, రెండుసార్లు కట్ చేయడం, కానిస్టేబుల్ మాట, వాళ్ల నాన్న అలా అన్నప్పుడు నేను ఊరుకోవడం, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను.

సమీనా చేతిలోని ముక్కను పిట్లలో అద్ది, తినకుండా అలాగే పట్టుకుంది.

"గా రోజు ఏం మీటింగుండె?"

గుర్తు చేసుకోవాలని చూశాను. ఎవరు మాట్లాడారో, దేని గురించో, ఒక్క ముక్క రాలేదు.

"యాదికి లేదు సమీనా."

"యాదికి గూడ లేదా!" అంది. గొంతు పెంచలేదు. "నేను పేరు జూసి ఆపిన్రనుకున్న. గిన్ని దినాలు. మొన్న మా అక్క బిడ్డ, కాలేజోళ్లు సింగపూర్ తీస్కపోతున్నరు, పాస్‌పోర్టుకు పెడుత అంటె నేనే వద్దన్న. మనకియ్యరు, పైసలు దండుగ అన్న. అది ఏడ్సింది స్వప్నా."

ఆ సంగతి నాకు తెలియదు. నా ఒక్కదాని అబద్ధం ఆమె నోటి మీదుగా ఇంకో పిల్ల దాకా వెళ్లిందని విన్నాక నాకు ఏడుపొచ్చింది.

"మాఫ్ చెయ్యవా?"

"జర ఆగు. ఇప్పుడే అడగకు."

చెయ్యి కడుక్కొచ్చి ఫోన్ తీసింది. పాత పాస్‌పోర్టు గడువు ఎప్పుడో అయిపోయింది. కొత్త దరఖాస్తు అక్కడే తెరిచి, ఆదిలాబాద్ చిరునామా నింపుకుంటూ పోయింది. సాక్షుల గడి వచ్చింది. మొదటి పేరు పక్కింటామెది రాసి, రెండో దాని దగ్గర ఆగింది. ఆశ చావక అడిగాను.

"నా పేరు పెట్టు. ఈసారి పక్కా ఎత్తుత."

"నువ్వు కరీంనగర్ల ఉంటవ్. గీడోళ్లు గావాలె." నిబంధన అదే, ఆమె తప్పేం చెప్పలేదు. లోపలికి తిరిగి కేకేసింది. "తాయీ, నీ పేరు, నంబర్ రాస్తున్న. పోలీసుల కాడికెళ్లి ఫోనొస్తది. కొత్త నంబరుంటది, ఎత్తుతవా?"

"ఎందుకెత్తను బిడ్డా? రొట్టె మాడినా ఎత్తుత" అంది తాయి.

మూడున్నరకు బస్టాండులో దింపుతూ సమీనా ఒక్క మాటే అంది. "గిదంత బ్లాగుల రాస్తవ్ గదా. నా పేరుతోనే రాయి." అందుకే రాశాను.

తిరుగు ప్రయాణంలో బస్సు ఘాట్ దిగుతుంటే నా పాత పోస్టులు గుర్తొచ్చాయి. మన పాస్‌పోర్టుకు విలువ లేదని, మన రూపాయికి బలం లేదని ఎన్నిసార్లు వాపోయానో లెక్కలేదు. అవి నిజమే. కానీ సమీనా ఆగిపోయింది వాటి వల్ల కాదు. దేశాల గురించి, గదుల గురించి అంత తెలిసిన మనిషి, నమ్మకూడని ఒక్క మనిషిని నమ్మి ఆగిపోయింది. ఆమె నాతో మళ్లీ ప్రయాణం చేస్తుందో లేదో తెలియదు, అడిగే ముఖం నాకు లేదు. నిర్మల్‌లో బస్సు మారేలోపు మంథని అమ్మాయికి జవాబు రాశాను: పెట్టుకో చెల్లీ, నీ పేరుతో ఏ ఇబ్బందీ లేదు, ఎవరైనా ఆపితే కారణం అడుగు. ఇక ప్రయాణాలు ప్లాన్ చేసుకునేవాళ్లకు ఒక్క సలహా. మీ స్నేహితులు పాస్‌పోర్టు దరఖాస్తులో మీ పేరు ఇస్తే, నెల రోజుల పాటు ఏ కొత్త నంబరు వచ్చినా ఎత్తండి. ఎత్తలేకపోతే ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి, ఎత్తలేదని చెప్పండి.