బోర్డు మీది పెద్దాయన

ఆయన చివరిగా చేసిన పని కాగితాలు సర్దడం. శనివారం మధ్యాహ్నం భోజనమయ్యాక, కూతురు తన క్లాసు కోసం తెచ్చుకున్న కాగితాల కట్టను రెండు చేతులా ఎత్తి, గాలి ఆడేలా ఒకసారి విదిలించి, బల్ల మీద నాలుగు వైపులా తట్టాడు. బొటనవేలితో అంచంతా తడిమి చూశాడు. ఒక్క కాగితమూ బయటికి తొంగి చూడటం లేదు. కట్ట మీద బరువుకు ఇస్త్రీపెట్టె పెట్టి, "కాసేపు నడుం వాలుస్తానమ్మా" అన్నాడు. కూతురు తలెత్తకుండానే "ఊఁ" అంది. నాలుగింటికి టీ పట్టుకెళ్ళి పిలిస్తే పలకలేదు. ఒక్క పిలుపుకు పలక్కపోవడం ఆయనకు అలవాటే కాబట్టి రెండోసారి పిలిచింది. మూడోసారి పిలవబోయి ఆగిపోయింది.

మర్నాడు ఆదివారం. ఆ రోజు ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి తప్పు ఒప్పుకోవాలని ఆమె అనుకుని ఉంది. అలా ప్రతి ఆదివారమూ అనుకుంటూనే రెండేళ్ళు గడిపింది.

ఆయన పుస్తకాలు బైండు చేసే షాపులో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. మొదట కాగితాలు మడతపెట్టే యంత్రం దగ్గర, తర్వాత దాని పక్కనే ఉన్న కత్తి యంత్రం దగ్గర. షాపులో అందరూ కటింగ్ మాస్టారనేవారు. స్కేలు పెట్టకుండా కంటితో కొలిచి కోస్తే వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. అలాంటి మనిషి కొత్త కత్తి యంత్రం వచ్చిన రోజు మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు. దాన్ని బిగించడానికి వచ్చిన ఇంజనీరుకు ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. అతను చూపిస్తూ చెబుతూ పోతే ఈయన తలాడిస్తూ నిలబడ్డాడట.

"చెయ్యి తీయమన్నాడో, పెట్టమన్నాడో తెలియలేదమ్మా. అక్కడున్నది కత్తి. నాకూ నాలుగు ముక్కలు నేర్పవే తల్లీ."

కూతురు అప్పుడే ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే సంస్థలో టీచరుగా చేరింది. సాయంత్రాలు పొయ్యి వైపు తిరిగి కూర కలుపుతూనే తండ్రికి పాఠం చెప్పేది.

"మనకైతే 'ఎత్తి బల్ల మీద పెట్టు' అంటే చాలు నాన్నా. ఏది ఎత్తాలో ఎదురుగా కనబడుతుంది కదా. ఇంగ్లీషు అలా ఊరుకోదు. పిక్ ఇట్ అప్. పుట్ ఇట్ ఆన్ ద టేబుల్. దాన్ని, దాన్ని అని ప్రతిసారీ అనాల్సిందే."

"కళ్ళెదుట ఉన్నదాన్ని మళ్ళీ చూపించడమెందుకు? వాళ్ళకు కళ్ళు కనబడవా?"

"కనబడతాయి. నమ్మకం ఉండదు."

ఆయన పడీ పడీ నవ్వాడు. ఆ రోజు నుంచి 'ఇట్' అనే మాటకు ఇట్టుగాడని పేరు పెట్టాడు.

"పిక్ అప్ ద పేపర్ అనొచ్చు, పిక్ ద పేపర్ అప్ అనీ అనొచ్చు. కానీ ఇట్ అంటే మాత్రం మధ్యలోనే కూర్చోవాలి. పిక్ ఇట్ అప్" అని ఆమె చెబితే, "పేరు లేనివాడికి నడిమధ్య కుర్చీయా! మా షాపులో అయితే గుమ్మం దగ్గర నిలబెడతారు" అన్నాడు.

పని చేస్తూ ఆ పనినే ఇంగ్లీషులో పైకి అనడం ఆయన కనిపెట్టుకున్న పద్ధతి. చెంబు ఎత్తుతూ, చొక్కా తగిలిస్తూ, తలుపు గడియ వేస్తూ ఒకటే జపం. "పిక్ అప్. పుట్ టేబుల్. టర్న్. క్లోజ్ డోర్." పెద్ద మాటలన్నీ వచ్చేవి. మధ్యలో ఉండాల్సిన చిన్నవి జారిపోయేవి.

"ఆన్ ఏది? ఇట్టుగాడేడీ? ఎక్కడ పారేశావు నాన్నా?"

"అన్లేదా? నువ్వన్నట్టే అన్నానే!"

ధ్యాస పెట్టడం లేదని ఆమె విసుక్కునేది.

సంస్థలో ఆమె పరిస్థితి అంతకన్నా గొప్పగా ఏమీ లేదు. దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలు, నర్సులు, డ్రైవర్లు ముప్పై మంది దాకా వచ్చి బెంచీల మీద బిగుసుకుని కూర్చునేవారు. నోరు తెరిస్తే తప్పొస్తుందని ఎవరూ తెరిచేవారు కాదు. "మీ క్లాసు పళ్ళ డాక్టరు వరండాలా ఉంది మేడమ్" అన్నాడు మేనేజరు. ఏం చేయాలో తోచక ఒకనాడు ఆమె ముందురోజు తండ్రి అన్న వాక్యాన్ని బోర్డు మీద రాసింది. ఎర్ర సుద్దతో పక్కన ఇంటూ కొట్టింది.

"ఎవరు మేడమ్ ఇలా మాట్లాడింది?"

"నాకు తెలిసిన ఒక పెద్దాయన."

క్లాసు గొల్లుమంది. తమకన్నా వెనకబడిన వాడొకడున్నాడని తెలియగానే అందరికీ నోళ్ళు లేచాయి. మర్నాటి నుంచి ఆమె గదిలో అడుగుపెట్టీ పెట్టకముందే అడిగేవారు. "పెద్దాయన ఇవాళేమన్నాడు మేడమ్?"

అప్పుడామె చేసిన పని ఇది. తండ్రి తప్పులు దిద్దడం మానేసింది. దిద్దితే రేపు బోర్డు మీద రాయడానికేముంటుంది? అన్నం వడ్డిస్తూ, "నాన్నా, ఇవాళ షాపులో జరిగిందంతా ఇంగ్లీషులో చెప్పు" అని అడిగి మరీ చెప్పించుకునేది. ఆయన మొహం వెలిగిపోయేది. చెప్పి చెప్పి, చివర్లో కాస్త బెరుగ్గా అడిగేవాడు.

"తప్పులున్నాయా అమ్మా?"

"లేవు నాన్నా. బాగా వస్తోంది."

ఆ మాట నమ్మి ఆయన షాపుకు వచ్చేవాళ్ళందరితోనూ ఇంగ్లీషులోనే మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఒకరోజు షాపులో కరెంటు పోయి పని ఆగిపోయింది. కూతురు కోతకు ఇచ్చిన కాగితాలు అప్పటికే తయారయ్యాయి కాబట్టి, వాటిని సాయంత్రం దాకా ఉంచుకోవడమెందుకని ఆయన నేరుగా సంస్థకు పట్టుకెళ్ళాడు. క్లాసు తలుపు తీసే ఉంది. బోర్డు మీద ఇంతింత అక్షరాలతో రాసి ఉంది: ఐ వెయిట్ మై డాటర్ బస్ స్టాప్. కూతురి కోసం బస్టాపులో ఎదురు చూస్తానని ఆయన ముందురోజు చెప్పిన మాట. నిజంగానే రోజూ చూసేవాడు.

"అంటే కూతురే బస్ స్టాపా మేడమ్?" అని వెనక బెంచీలోంచి ఒక డ్రైవరు అడిగాడు. గదంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూ ఎర్ర సుద్ద అందుకుని తిరిగేసరికి గుమ్మంలో ఆయన.

ముందు బెంచీ అమ్మాయి అడిగింది. "ఎవరు కావాలండీ?"

ఆమె చేతిలోని సుద్ద వైపు చూసింది. మా నాన్న అంటే రెండు మాటలు. అంటే ఆ పెద్దాయన ఎవరో ముప్పై మందికీ తెలిసిపోతుంది. ఆ రెండు మాటల కోసం ఆయన ఒక్క క్షణం ఆగాడు. అవి రావని తెలిశాక తనే అన్నాడు.

"కాగితాలు తెచ్చానండీ మేడమ్. బల్ల మీద పెట్టమంటారా?"

"పెట్టండి" అంది ఆమె.

ఆయన పెట్టాడు. అలవాటు కొద్దీ అంచులు సరిచేశాడు. బోర్డు వైపు మళ్ళీ చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం బస్టాపులో ఎప్పటిలాగే నిలబడి ఉన్నాడు. ఆమె చేతిలో సంచీ అందుకుని, "ఎండ ఎక్కువగా ఉంది కదమ్మా ఇవాళ" అన్నాడు. అంతే. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఇంగ్లీషు కూడా లేదు. చెంబు ఎత్తినా, గడియ వేసినా మౌనంగానే. పాఠం చెప్పనా నాన్నా అంటే, "ఈ వయసులో నాకెందుకులే తల్లీ" అనేవాడు. ఆమె ఆ పెద్దాయన గురించి క్లాసులో మళ్ళీ ఎత్తలేదు. విద్యార్థులు కొన్నాళ్ళు అడిగి మానేశారు. ఆయన తిడితే బాగుండునని ఎన్నోసార్లు అనుకుంది. తిడితే ఏడ్చి ఉండేది, ఏడిస్తే చెప్పి ఉండేది. తిట్టని మనిషి ముందు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంది.

ఆయన పోయిన మూడో వారంలో సామాన్లు తెచ్చుకోవడానికి షాపుకు వెళ్ళింది. పుస్తకాలు కుట్టే పెద్దావిడ ఒక చొక్కా, కళ్ళజోడు, అరిగిపోయిన స్కేలు సంచిలో సర్దిపెట్టి ఉంచింది. ఇరవై ఏళ్ళుగా ఆయన పక్క బల్ల దగ్గర కూర్చున్న మనిషి. మడత యంత్రం దడదడలాడుతుంటే ఇద్దరూ బయటి మెట్ల మీదకొచ్చారు.

"ఈ మోతలో ఎలా పనిచేస్తారు పిన్నీ? ఒకరి మాట ఒకరికి ఎలా వినబడుతుంది?"

"వినబడటమెక్కడ! అందరివీ సగం చెవులే. మీ నాన్నవైతే మరీను. 'పెద్ద మాటలు చేరతాయి చెల్లెమ్మా, చిన్నవి దారిలోనే రాలిపోతాయి' అనేవాడు నాతో. పదేళ్ళ కిందట డాక్టరుకు కూడా చూపించాం. నయం కాదన్నాడు."

"మాకెప్పుడూ చెప్పలేదే."

"పిల్ల బెంగపడుతుందని చెప్పనిచ్చేవాడు కాదు. అయినా చెప్పేదేముంది, మీరు ఇంట్లో వాళ్ళు, మీకు తెలిసే ఉంటుందనుకున్నాం" అని ఆవిడ సంచి అందించింది. "ఇక్కడ మేమెవరమూ ఆయనతో వెనక నుంచి మాట్లాడేవాళ్ళం కాదమ్మా. పని ఆపి, ఎదురుగా వచ్చి నిలబడేవాళ్ళం. పెదాలు చూసి మాట పట్టుకునేవాడు."