మరచెంబు మీద పెత్తనం

నా చిన్నప్పుడు నాకు ఒళ్ళు మండేంత కోపం తెప్పించిన పెద్దవాళ్ళలో మా మేనత్త తర్వాతే ఎవరైనా. ఆవిడ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మంచినీళ్ళ మరచెంబు మూత తీసే పెత్తనం తీసుకెళ్ళి మా చెల్లెలి చేతిలో పెట్టింది. అంతకన్నా అవమానం ఉంటుందా మగపిల్లాడికి?

మాది పామర్రు దగ్గర పల్లె. నేలంతా చాప పరిచినట్టుంటుంది. చెరువుగట్టు ఎక్కితేనే మాకు అదో ఎత్తు. మేనత్త గుణదలలో కొండ కింద కాపురం ఉండేది, ఆడపిల్లల బడిలో పంతులమ్మ. చలికాలం సెలవులకి నన్నూ చెల్లెల్నీ తీసుకెళ్ళడానికి వచ్చి, ఒకరోజు కొండ చుట్టి వద్దామంది. పెరటివైపు నుంచి రాళ్ళ మీదుగా ఎక్కి, గుట్ట తర్వాత గుట్టగా కొండ వెన్ను మీదే నడిచి, అటు చివర మేరీమాత గుడి మెట్ల మీంచి దిగి, రోడ్డున ఇంటికి రావడం. బయల్దేరేముందే ఊళ్ళో అందరికీ చెప్పేశాను, కొండంతా చుట్టి వస్తున్నానని. నమ్మనివాళ్ళతో పందెం కూడా కాశాను. కాబట్టి ఆ చుట్టు పూర్తిచేయడం నాకు పరువు సంగతి.

ముందురోజు మేనత్త నా చేతికి సుద్దముక్క ఇచ్చి, దారి గీయమంది. వసారా గచ్చు మీద గుండ్రంగా గీసి, మధ్యాహ్నం అన్నాల వేళకి ఇంట్లో ఉంటామన్నాను.

"మరి నీళ్ళో?" అంది.

"దార్లో తాగుతాం."

"ఏ కాలవలోరా?"

ఆవిడ కొడుకు, నాకన్నా ఏడాది పెద్దవాడు, మా బావ, పడీ పడీ నవ్వాడు. నవ్వితే నవ్వాడు గానీ, నా తప్పేముంది అందులో? మా వైపు నీళ్ళు మోసుకుని బయల్దేరిన మనిషిని నేనంతవరకూ చూడలేదు. ఏ గట్టు దిగినా కాలవే. దూరం కూడా అంతే. పక్క ఊరి కొబ్బరిచెట్లు కంటికి కనిపిస్తే కాసేపట్లో ఆ ఊళ్ళో ఉన్నట్టే లెక్క. కొండనీ అలాగే కొలిచాను. కంటికి కనిపించే గుట్ట వెనకాల కనిపించని గుట్ట ఉంటుందని చదును నేల మీద పుట్టినవాడికి ఎవరు చెప్పాలి?

తెల్లారి బయల్దేరేటప్పుడు మేనత్త రెండు మరచెంబుల నిండా నీళ్ళు పోసి సంచిలో పెట్టుకుని భుజాన వేసుకుంది. మా అందరిలోకీ మెల్లగా నడిచేది చెల్లెలు. దాన్ని దగ్గరికి పిలిచి, "బరువు నేను మోస్తా. మూత తీసే పెత్తనం మాత్రం నీది. నువ్వు తీస్తేనే ఎవరైనా తాగాలి" అంది.

"అదేంటత్తయ్యా, దానికా!" అన్నాను.

"దానికే."

మరి నేనెందుకు? దారి గీసింది నేను. అందరికన్నా ముందు నడిచేది నేను. పోనీ బావకిచ్చినా ఊరుకుందును. బావ చెప్పులు తొడుక్కుని టపటపలాడుతూ నడిచే పిల్లకా! రాళ్ళు గుచ్చుకుంటాయని మేనత్తే ఆ పాత చెప్పులు దానికి వేసింది. అవి దాని పాదానికి పెద్దవి.

కోపంతో రెండంగల్లో ఎక్కేశాను. బావ నా వెనకే. మొదటి గుట్ట దాటాం, రెండోది దాటాం. చలికాలపు ఎండే గానీ రాయి ఎండని దాచుకుని మళ్ళీ మన మీదికే ఊదుతుంది. నాలుక పిడచగట్టింది. వెనక్కి చూస్తే మేనత్తా చెల్లెలూ కింద ఎక్కడో ఉన్నారు. అది వంగి రంగురాళ్ళేరుకుంటోంది.

"త్వరగా రావే!" అని అరిచాను.

"నువ్వే రా అన్నయ్యా, నీళ్ళు ఇక్కడున్నాయి!"

చూశారా! దిగకుండా చాలాసేపు బండమీద కూర్చున్నాను. దాహానికి పంతం ఎంతసేపని ఆగుతుంది? దిగాను. అది పెద్ద ఆరిందాలా మూత తీసి, "ఎంగిలి చెయ్యకు, ఎత్తి పోసుకో" అని నాకే చెప్పింది. బావ చేతులు కట్టుకుని, "అమ్మగారూ, దయచేసి ఇంకో గుక్క ఇప్పించండి" అంటూ వేషాలు. మేనత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అక్కణ్ణించి వాళ్ళని విడిచి ముందుకి పోవడం మా వల్ల కాలేదు. నీళ్ళు వెనకున్నాయి మరి.

కొండ వెన్ను మధ్యకి వచ్చాం. ముందున్న గుట్ట ఎక్కితే అటువైపు గుడి మెట్లు కనిపిస్తాయని బావ అంటున్నాడు. అక్కడ చెల్లెలు అందరికీ నీళ్ళు పోసి, మూత బిగించి, "అత్తయ్యా, నాకు చాలు" అంది.

"సరే, తిరుగుదాం" అంది మేనత్త.

ఎందుకని అడగలేదు. ఇంకొంచెమేనమ్మా అని బుజ్జగించలేదు. వెనక్కి తిరిగేసింది, అంతే. నేను గొంతు చించుకున్నాను. సగం దూరం వచ్చాం కదా, ముందుకి పోయినా వెనక్కి పోయినా ఒకటే కదా!

"వెనకదారి మనం నడిచి చూసింది. ముందుది నువ్వు చూశావా?" అంది.

"బావ చూశాడు!"

"నేనూ చూళ్ళేదురా, మా స్నేహితులు చెప్పారు" అని గొణిగాడు బావ.

దారి పొడుగునా రాళ్ళని తన్నుకుంటూ దిగాను. ఊళ్ళో ఏ మొహం పెట్టుకుని తిరగాలి? పెద్ద బండ దగ్గర చెల్లెలు కూలబడి చెప్పు విప్పింది. మడమ దగ్గర తోలు లేచిపోయి, చెప్పు పట్టెకి రక్తం అంటుకుని ఎండిపోయింది.

"ఎప్పట్నించే ఇది?"

"మొదటి గుట్ట కాణ్ణించి."

"మరి చెప్పవేంటే?"

"నువ్వు తిడతావుగా."

దాని ముందు వంగి, ఎక్కమన్నాను. బావా నేనూ వంతులవారీగా దాన్ని వీపున మోసుకుని దిగాం. మేనత్త చూశావా అనలేదు, బుద్ధొచ్చిందా అనలేదు. ఇంటికెళ్ళాక దాని కాలికి పసుపు పెట్టి, మాకు వేడివేడిగా అన్నం పెట్టింది. పందెం పోయింది. ఊళ్ళో నవ్వారు. నవ్వినన్నాళ్ళూ నాకు మేనత్త మీద కోపం పోలేదు.

నేను బడిలో చదివింది తక్కువ. పొట్లం కట్టిన కాగితం దగ్గర్నించి చేతికందిందల్లా చదువుకుని పెరిగినవాణ్ణి. మేనత్త చేసిన పని నాకు బోధపడడానికి చాలా ఏళ్ళు పట్టింది. నీళ్ళ మీద పెత్తనం ఉండబట్టే 'చాలు' అనే నోరు దానికి వచ్చింది. ఉత్త చేతులతో నడిచి ఉంటే, నా తిట్లకి జడిసి, రక్తం కారుతున్నా ఆ చివరిదాకా మా వెనకే పడి వచ్చేది. మేమేమో భలే నడిపించాం అనుకునేవాళ్ళం.

మొన్న మా మనవడు ఆఫీసు స్నేహితులతో కొండపల్లి వైపు గుట్టల మీద ఒకరోజు నడకకి ప్లాన్ వేశాడు. లూప్ అట, చుట్టు తిరిగి రావడమే. ఫోన్లో చూపించాడు. టిఫిను ఎక్కడో ఉంది, ఫొటోలు దిగే చోటు ఉంది. అడుగున ఒక ముక్క: 'వెనకబడినవారు లొకేషన్ షేర్ చేయగలరు.' నాకు తిక్క రేగింది.

"ఏరా, వెనకబడ్డవాడికి కావలసింది లొకేషనా? వాడు ఆగమంటే మీరు ఆగాలి గానీ!"

"అబ్బా తాతయ్యా, అందరూ పెద్దవాళ్ళే. నడవలేకపోతే చెప్తారుగా."

చెప్తారట! ఎవడు చెప్తాడయ్యా? ముందు నడిచేవాడి ఊపిరిని బట్టి దారి గీసి, వెనకవాడు నోరు విప్పలేదు కాబట్టి బాగానే ఉన్నాడనుకోవడం కొండల మీదే కాదు, ఇళ్ళల్లో చూశాను, నేను పనిచేసిన చోటల్లా చూశాను. ఎక్కడ చూసినా నాకు ఒళ్ళు మండుతుంది. ఈ వయసులో కూడా మండుతుంది, మండనివ్వండి.

నలుగురితో కలిసి ఏ పనికి దిగినా, అందరికన్నా నెమ్మదైన మనిషి ఎవరో చూసుకుని, ఆ పని ఆపే అధికారం ముందు వాళ్ళ చేతికిస్తాను. వాళ్ళు చాలన్న చోట ఆగిపోతాను. ఎందుకని నేను అడగను. పక్కవాణ్ణి అడగనివ్వను.