నల్లా దగ్గర విన్న మాట

ఏడేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. చిన్న మాట. చెప్పడానికి నాలుగు సెకన్లు కూడా పట్టలేదు. ఇన్నేళ్లయినా దాన్ని దించుకోలేకపోయాను. మా ఆయనకు చెప్పలేదు, మా అమ్మకు చెప్పలేదు. గుడికి వెళ్లి దేవుడి ముందు నిలబడ్డప్పుడు కూడా ఏవో వేరే సంగతులు మాట్లాడి వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మనుషుల పేర్లు మార్చాను. ఊరు మార్చలేదు. మాది కోరుట్ల.

మా ఇంటి వెనక గోడ దాటితే ఫుట్‌బాల్ గ్రౌండ్. డాబా మీద నిలబడితే ఆ గోల్ నుంచి ఈ గోల్ దాకా మొత్తం కనిపిస్తుంది. పెళ్లికి ముందు మా ఆయన అక్కడ ఆడేవాడు. పెళ్లయిన రెండో ఏడు మస్కట్ వెళ్లాడు. ఒక శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసి, "మనోళ్లు ఆడుతుండ్రా?" అని అడిగాడు. ఆరేసిన బట్టలు తీయడానికి డాబా ఎక్కిన నేను, చూసింది చూసినట్టు వాయిస్ మెసేజ్ పెట్టాను. నాకప్పటికి ఆట గురించి ఓనమాలు తెలియవు. గోల్‌కీపర్‌ను 'బంతి పట్టేటాయన' అన్నాను. "ఏడో నంబరాయన ఉరుకుతుండు, ఉరుకుతుండు, పడ్డడు. లేచిండు. లాగు దులుపుకుంటుండు" అన్నాను. మా ఆయన దాన్ని రూములో అందరికీ వినిపించాడట. పడీ పడీ నవ్వారట. వచ్చే శుక్రవారం కూడా చెప్పమన్నారట.

అలా మొదలైంది. శుక్రవారం వాళ్లకు సెలవు. కోరుట్ల వాళ్లు, ఇబ్రహీంపట్నం వాళ్లు, ఈ గ్రౌండ్‌లో మా ఊరి క్లబ్బు ఆట చూస్తూ పెరిగి అక్కడికి వెళ్లిన వాళ్లంతా ఒక గ్రూపు పెట్టుకున్నారు. అన్నం పళ్లేల మధ్య ఫోన్ పెట్టుకుని నా మాట వినేవాళ్లు. నాకు 'కామెంటరీ వదిన' అని పేరు పడింది. మూడు నెలల్లో ఆఫ్‌సైడ్ అంటే ఏంటో నేర్చుకున్నాను. దాచడం దేనికి, నాకది చాలా ఇష్టంగా ఉండేది. నా గొంతు కోసం ఎవరైనా ఎదురుచూస్తారని అంతకు ముందు నాకు తెలియదు.

ఆ క్లబ్బును నడిపింది మొయిన్ చాచా. ఇరవై ఏళ్లకు పైగా ఆయనే కోచ్, ఆయనే సెక్రటరీ, ఆయనే గ్రౌండ్ ఊడ్చే మనిషి. బస్టాండ్ రోడ్డులో చిన్న టైలర్ షాపు. పొద్దున షాపు తెరవకముందే గ్రౌండ్‌కు వచ్చి, ముళ్లకంప పీకి, ముగ్గుపిండితో గీతలు గీసేవారు. ఆయన గీసిన గీత ఎక్కడా వంకర పోయేది కాదు. చేతిలో కత్తెర ఉన్నా ముగ్గుపిండి ఉన్నా ఆయనకు ఒకటే. చిరిగిన జెర్సీలకు రఫ్ఫు కొట్టి, నంబర్లు తనే కుట్టేవారు. ఎవరు తినకుండా ఆటకు వచ్చారో పరుగు చూసి చెప్పేవారు. ఆ కుర్రాణ్ని పక్కకు పిలిచి, తిట్టినట్టే మాట్లాడి, హోటల్‌కు పంపేవారు. అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఎంత మొనగాడైనా బయట కూర్చోవాల్సిందే. సొంత చెల్లెలి కొడుకు కూడా చాలాసార్లు అలా కూర్చున్నాడు. ఇదంతా డాబా మీది నుంచి నేను రోజూ చూసేదాన్ని. చూసి, ఇలాంటి మనిషి మా ఊళ్లో ఉన్నందుకు గర్వపడేదాన్ని.

మరి ఆ గర్వాన్ని నా కామెంటరీలో ఎప్పుడైనా చెప్పానా? చెప్పలేదు. ముగ్గుపిండి గురించి చెబితే ఎవరు వింటారు?

దూరం నుంచి వినేవాళ్లకు చాచా పెద్ద తలనొప్పి. బంతులు, బూట్లు వాళ్లే పంపేవాళ్లు. సలహాలు కూడా పంపేవాళ్లు. బూట్లు తీసుకుని సలహాలు పక్కన పెట్టేవారు చాచా. మీటింగు పెట్టరు. ఎవరిని ఎందుకు ఆడించారో, ఎందుకు ఆపారో చెప్పరు. ఒక లీడర్ వచ్చి, జెర్సీ మీద తన ఫొటో వేస్తే గ్రౌండ్‌కు మెట్లు కట్టిస్తానన్నాడు. "మా పిల్లలు ఫొటోలు మోసెటోళ్లు గాదు" అని పంపేశారు. ఆ వారం గ్రూపు భగ్గుమంది. ముసలాయనకు చాదస్తం, క్లబ్బును ఇంటి ఆస్తి చేసుకున్నాడు, గెలవాలని లేదు, ఎవరి మాటా వినడు. వాళ్ల బాధలో అబద్ధం లేదు. ప్రాణం పెట్టిన క్లబ్బు గురించి నోరెత్తే దారి లేకపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. అడిగినప్పుడల్లా చాచా ఒకటే అనేవారు: "ఆట జూసి మాట్లాడున్రి." వాళ్లు ఎక్కణ్ణుంచి చూస్తారు? వాళ్లకు ఆట అంటే నేను చెప్పిందే.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే మిగిలిందంతా ఉత్త కథే అవుతుంది.

మా ఆయన ఫోన్లు మూడు ప్రశ్నలకు కుదించుకుపోయాయి. తిన్నవా, పిల్ల బడికి పోయిందా, అమ్మకు గోలీలు తెచ్చినవా. జవాబులు అయిపోతే ఇద్దరం ఊరుకునేవాళ్లం. ఆ మౌనం వినలేక నేనే కుక్కర్ మీద నెపం పెట్టి ఫోన్ పెట్టేసేదాన్ని. కానీ చాచా ఏదైనా తప్పు చేసిన శుక్రవారం మాత్రం మా ఆయన గంట మాట్లాడేవాడు. కోప్పడేవాడు, నవ్వేవాడు, ఆలస్యమైనందుకు తనను చాచా ఎండలో కూర్చోబెట్టిన రోజు గురించి పదోసారి చెప్పేవాడు. చివర్లో "నువ్వేమంటవ్?" అని అడిగేవాడు. పెళ్లయ్యాక నన్ను అంత ఇష్టంగా అడిగిన ప్రశ్న అదొక్కటే. దానికోసం నేను చాచా తప్పులు వెతకడం మొదలుపెట్టాను. అబద్ధాలు ఆడలేదు. తిట్టుకోవడానికి పనికొచ్చేవి ముందు చెప్పేదాన్ని, మెచ్చుకోవలసినవి మింగేసేదాన్ని. మొగుడూ పెళ్లాల మధ్య మాటలు సాగడానికి ఒక మంచి మనిషి తప్పులు కావలసి వచ్చాయి. అప్పుడు అది నాకు తప్పనిపించలేదు. నిజంగా అనిపించలేదా? ఏమో. అనిపించినా పక్కకు నెట్టి ఉంటాను.

ఆ శుక్రవారం సిరిసిల్ల జట్టుతో ఆట. గెలిస్తే జగిత్యాలలో ఫైనల్. మాకు శ్రీకాంత్ అనే కుర్రాడు ఉండేవాడు. ఇరవై మూడేళ్లుంటాయి, గోల్ కొట్టాలంటే అతనే. సగం ఆటకు చెరొక గోల్. విరామంలో ఆటగాళ్లు నీళ్లకోసం మా గోడ కింది నల్లా దగ్గరికి వచ్చారు. అందరూ వెళ్లాక శ్రీకాంత్, చాచా మిగిలారు. నేను పైన పిట్టగోడ దగ్గర ఉన్నాను. శ్రీకాంత్ చాచాకు తన సంగతి చెప్పుకున్నాడు. వీసా వచ్చిందట. ఎల్లుండి హైదరాబాద్‌లో మెడికల్. పోయినేడు ఊరంతా చెప్పుకుని వెళ్లి మెడికల్‌లో ఫెయిలై వస్తే నవ్వని వాడు లేడు. అందుకే ఈసారి విమానం ఎక్కేదాకా ఎవరికీ చెప్పవద్దని వాళ్లమ్మ ఒట్టు పెట్టించుకుందట. మోకాలు లాగుతోంది, దెబ్బ తగిలి కుంటుకుంటూ వెళ్తే పని చెడుతుంది, నన్ను తీసేయండి సార్ అన్నాడు. చాచా ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "కూసో. ఎవడన్న అడిగితే సారే తీసేసిండు అను" అన్నారు. అని తల పైకెత్తారు. నన్ను చూశారు. గ్రౌండ్‌లోకి వెళ్లిపోయారు.

శ్రీకాంత్ బదులు చాచా చెల్లెలి కొడుకు దిగాడు. గోల్ ముందు ఖాళీగా దొరికిన బంతిని ఆకాశంలోకి తన్నాడు. ఒక గోల్ తేడాతో ఓడిపోయాం. నేను ఫోన్‌లో ఏం చెప్పానో తెలుసా? "సార్ శ్రీకాంత్‌ను కూసోవెట్టిండు. చెల్లె కొడుకును దించిండు." రెండూ నిజాలే. ఎంత కచ్చితమైన నిజాలో చూడండి.

గ్రూపు అంటుకుంది. ఆ సాయంత్రం మా ఆయన గంటన్నర మాట్లాడాడు.

వారం తర్వాత గ్రూపులో చాచాను తీసేసే మాట వచ్చింది. ఇబ్రహీంపట్నం పెద్దాయన ఒకాయన ఉండేవాడు, నెమ్మదస్తుడు. ఆయన అందరినీ ఆపాడు. సార్‌ను అడిగితే నేనే తీసిన అంటున్నారు తప్ప కారణం చెప్పడం లేదు, ఎందుకో తెలుసుకోకుండా అంత మనిషిని ఎట్లా తీస్తాం అన్నాడు. తర్వాత నన్ను అడిగాడు. "వదినా, మీ ఇల్లు ఆడనే గద. పోరడు తనంతట తనే పోతనన్నడా? నీకేమన్న ఇనవడ్డదా?"

రికార్డ్ చేసి చెరిపాను. మళ్లీ చేసి చెరిపాను. వీసా సంగతి చెప్పకుండానే, పిల్లవాడే అడిగాడు అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. మూడోసారి పంపాను.

"లేదన్నా. నాకేం ఇనవడలే."

చాచాను తీసేశారు. ఆయన ఎవరితోనూ వాదించలేదు. విజిల్, బంతుల సంచి, గది తాళంచెవి గ్రౌండ్ వాచ్‌మన్‌కు ఇచ్చి, సైకిల్ ఎక్కి షాపుకు వెళ్లిపోయారు. డాబా మీది నుంచి చూశాను. ఆ రోజు కామెంటరీ ఏమీ చెప్పలేదు.

నెల తర్వాత మా పిల్ల స్కూలు డ్రెస్ కుట్టించడానికి ఆయన షాపుకే వెళ్లాను. వేరే టైలర్లు లేరా? ఉన్నారు. ఆయన నన్ను తిట్టాలని వెళ్లానేమో. శ్రీకాంత్ అప్పటికే విమానం ఎక్కేశాడు. చాచా మిషన్ ఆపి, పిల్లకు బిస్కెట్ ఇచ్చి, గొంతు తగ్గించారు.

"గా దినం నల్లకాడ నువ్వు ఇన్నవు గద బిడ్డా?"

నేను వంగి పిల్ల బిస్కెట్ కాగితం విప్పాను.

"నేను జూసిన నిన్ను. గ్రూపుల అడిగితె ఇనలేదని చెప్పినవట. మా చెల్లె కొడుకు చెప్పిండు."

"చాచా, నేను..."

"శుక్రియా బిడ్డా. పోరని ఇజ్జత్ కాపాడినవు."

ఆయన ముఖంలోకి చూశాను. ఎత్తిపొడుపు లేదు. నిజంగానే థాంక్స్ చెబుతున్నారు.

"పోరడు పోయి గా రూములల్లనే ఉండాలె, వాళ్లతోనే తినాలె. ఆట నడుమ ఇడిసిపెట్టినోడు అని రోజు దెప్పితె ఎట్ల బతుకుతడు?"

"మరి మీ క్లబ్బు?" అన్నాను.

"గ్రౌండ్ ఆడనే ఉంది గద బిడ్డా, ఏడికి పోతది? ఇంకెవడన్న ఆడిపిస్తడు." టేపు తీసి మా పిల్లను దగ్గరికి పిలిచారు. "లెంత్ రెండించులు ఎక్కువ వెడ్త. పెరిగే పిల్ల."

అప్పుడు చెప్పొచ్చు. షాపులో మేం తప్ప ఎవరూ లేరు. నేను చేసింది మంచితనం కాదు చాచా అనొచ్చు. నేను తల ఊపాను. ఆయన ఇచ్చిన మెప్పు తీసుకుని, పిల్ల చేయి పట్టుకుని ఇంటికి వచ్చాను. ఫోన్‌లో ఆడింది ఒక అబద్ధం. ఆ తల ఊపు దానికంటే పెద్దదని నాకు మెల్లగా తెలిసింది.

తర్వాత క్లబ్బుకు కమిటీ వచ్చింది. ముగ్గురు కోచ్‌లు మారారు. ఫోన్లలో మీటింగులు జరిగాయి, వాటిలో తీర్మానాలు కూడా జరిగాయి. జెర్సీ మీద లీడర్ ఫొటో వచ్చింది, మెట్లు మాత్రం రాలేదు. గీతలు వంకరగా ఉన్నాయని ఒకరోజు ఎవరో ఫొటో పెడితే, సార్ ఉన్నప్పుడే మంచిగుండె అని మా ఆయనే అన్నాడు. పిల్ల చదువు వంక పెట్టి నేను కామెంటరీ మానేశాను. ఫోన్లు మళ్లీ మూడు ప్రశ్నలకు వచ్చాయి. శ్రీకాంత్ ఇప్పటికీ నోరు విప్పలేదు. అతన్ని నేనేమీ అనను. అతని దగ్గర ఒక కారణం ఉంది.

ప్రతి రంజాన్‌కు చాచా ఇంటి నుంచి గిన్నెడు షీర్ ఖుర్మా పాయసం వస్తుంది. మా వీధిలో మా ఒక్క ఇంటికే వస్తుంది. మొన్న ఆ గిన్నె ఇవ్వడానికి, ఎలాగైనా చెప్పేయాలని గట్టిగా అనుకుని వెళ్లాను. చాచా మంచం మీద కూర్చుని ఉన్నారు. చూపు తగ్గింది, మిషన్ మానేశారు. కొత్త కోడలిని పిలిచి నన్ను చూపించారు. "గీ బిడ్డ మస్తు గట్టిది. నోట్ల నుంచి మాట పోదు. కోరుట్లల గిసొంటి మనిషి దొరకది" అన్నారు. ఆ అమ్మాయి నా వైపు గౌరవంగా చూసింది. ఖాళీగా ఇవ్వకూడదని చక్కెర పోసి తెచ్చిన గిన్నె ఆమె చేతికిచ్చి వచ్చేశాను.

ఆయన ముందు నోరు రాలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. రాస్తే తప్పు తగ్గుతుందని కాదు. క్లబ్బు ఆయనకు తిరిగి రాదు, ఆ ఇరవై ఏళ్ల పేరు కూడా రాదు. ఆయన ఇది ఎప్పటికీ చదవకపోవచ్చు. కనీసం ఒక్కచోటైనా ఈ మాట సరిగ్గా ఉండాలి.

ఆ పెద్దాయన అడిగినప్పుడు నాకు శ్రీకాంత్ గుర్తుకు రాలేదు చాచా. వాళ్లమ్మ ఒట్టు గుర్తుకు రాలేదు. నిజం చెబితే గ్రూపు చల్లబడుతుంది, గ్రూపు చల్లబడితే సాయంత్రం మా ఆయన తిన్నవా అని అడిగి పెట్టేస్తాడు. నా మనసులో ఉన్నది అదొక్కటే. నేను ఎవరినీ కాపాడలేదు.

విన్నాను చాచా. ప్రతి మాటా విన్నాను.