పంచె మీదికి చొక్కా

ఎండాకాలంలో పెళ్లి పిలుపు వస్తే చాలు, గవరయ్య ట్రంకుపెట్టె ముందు చతికిలబడతాడు. దీవుల మధ్య తిరిగే లాంచీ మీద ఖాకీ ప్యాంటుతోనే ఉద్యోగమంతా వెళ్లదీసినా, పెళ్లికి మాత్రం పంచె కట్టాల్సిందే. దాని మీదికి చొక్కాయే ఓ పట్టాన తేలదు. టెరికాటుది ఉక్కపోస్తుంది, గళ్లది నప్పదు. అడుగునున్న గంధం రంగు నూలు చొక్కాను ప్రతిసారీ ఓసారి తడిమి, మళ్లీ అడుక్కే తోసేస్తాడు. ఈసారి భార్య కాసులమ్మ ఊరుకోలేదు. "ఈ గర్మీలో పంచె మీదికి ఇదే నప్పుతాది. ఇరవయ్యేళ్లబట్టీ ఎవరికోసం దాస్తన్నావు?" అంటూ తనే తొడిగి బొత్తాలు పెట్టింది. ఎవరికోసమో గవరయ్యకు తెలుసు. సునామీ తర్వాత రిలీఫ్ క్యాంపులో బట్టలు పంచింది అతనే. ఇల్లు కొట్టుకుపోయి తడి తువ్వాలుతో నిలబడ్డ సింహాద్రి అనే అతను ఈ చొక్కానే చూపించి అడిగితే, "అది వేరేవాళ్లకి" అని చెప్పి, చేతిలో ఒక చిరుగుల బనీను పెట్టాడు. సాయంత్రం చొక్కాను తన సంచిలో వేసుకున్నాడు.

ఇవాళ బతు బస్తీ పేటలో పెళ్లి ఆ సింహాద్రి మనవరాలిదే. పందిట్లో ముసలాయన ఎదురొచ్చి గవరయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇటు చూడండి భయ్యా! అంతా పోయిననాడు నా ఒంటిమీద గుడ్డేసింది ఈ బాబే" అని నలుగురికీ చెప్పాడు. తర్వాత చొక్కా అంచు పట్టుకుని, "బాగుంది బాబూ, ఎక్కడ కొన్నావు?" అన్నాడు. గవరయ్య భుజం మీది కండువాను గొంతుదాకా కప్పుకున్నాడు. "ఒళ్లు బాలేదా?" అంటూ సింహాద్రి, వియ్యంకులు తనకు కప్పిన కొత్త శాలువా తీసి అతని చుట్టూ కప్పాడు.