సర్టిఫికెట్‌కు బొట్టు

ఒకడు తుమ్మితే రెండోవాడు బయటికి వెళ్లాల్సినంత చిన్న గది. కృష్ణానగర్‌లో ఆ గదిలోనే నేనూ, మేకప్ పని చేసే నా మిత్రుడూ కలిసి సినిమాలకు మీసాలు, విగ్గులు అద్దెకిచ్చే వ్యాపారం పెట్టాం. పాత విగ్గుల కంపు ఎలాంటిదంటే, వీధికుక్కలు మా గుమ్మం దాకా వచ్చి ఊపిరి బిగబట్టి దాటిపోయేవి.

అంతలో ఫిల్మ్‌నగర్‌లో ఓ జానపద సినిమాకు సైన్యం మొత్తానికి మీసాలు కావాలన్నారు. మా జన్మకు అంతకన్నా పెద్ద బేరం లేదు. ప్రొడక్షన్ మేనేజర్ ఒక్కటే అడిగాడు.

"మీ ఫర్మ్ రిజిస్టరైనట్టు గవర్నమెంటు సర్టిఫికెట్ చూపించండి. షూటింగ్ మొదలయ్యేలోపే తేవాలండీ. అది లేకుండా ఆర్డరిస్తే మా ఆడిటర్ నన్ను నమిలేస్తాడు."

రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల గోడల మీద పాన్ ఉమ్ములు పొరలు పొరలుగా ఉంటాయి. తవ్వితే నిజాం కాలం నాటివి బయటపడతాయి. ఆ గోడకు తగలకుండా ఒళ్లు ముడుచుకుని ఎక్కీ దిగీ, చివరికి మూడు సింహాల ముద్ర, ఆకుపచ్చ సంతకం ఉన్న కాగితం సాధించాను. దాన్ని గదిలో పెట్టి, ఆ ఆఫీసు ఒంటి మీంచి వదిలేదాకా స్నానం చేద్దామని వెళ్లాను.

తిరిగొచ్చేసరికి మిత్రుడు దానికి పూజ చేసేశాడు. కెమెరాకైనా కథ కాగితాలకైనా బొట్టు పెట్టందే ముట్టుకోని పరిశ్రమ కదా మాది! ఒక్కో సింహానికీ అరచేయంత కుంకుమ. కాగితమంతా కొబ్బరినీళ్లు. నట్టనడుమ నెయ్యి కారుతున్న లడ్డు, దాని చుట్టూ హైదరాబాదు చీమలన్నీ.

"ఏందన్నా గట్ల చూస్తవ్? బొట్టు పెట్టకుంటే కలిసొస్తదా?"

"సంతకం ఏదయ్యా?"

"గీడనే ఉండె... లడ్డు కింద."

లడ్డు దులిపి అలాగే పట్టుకెళ్తే, మేనేజర్ ఆ కాగితాన్ని, చచ్చిన ఎలుకను తోక పట్టి ఎత్తినట్టు, రెండు వేళ్లతో ఎత్తాడు. దాన్నుంచి ఓ నెయ్యి చుక్క ఆయన తెల్ల ప్యాంటు మీద పడింది.

"సర్టిఫికెట్టా, పులిహోర కట్టిన విస్తరాకా? ముద్ర లేదు, సంతకం లేదు. మీ ఫర్మ్ ఉందని నేనెలా నమ్మాలి?"

"మేం ఎదురుగానే ఉన్నాం కదండీ!"

"మీరున్నారండీ. ఫర్మే లేదు."

మళ్లీ అదే ఆఫీసు, అవే ఉమ్ములు. నకలు ఇచ్చే గుమాస్తా పెన్ను మూతతో చెవి గోక్కుని, ఆ మూతనే పళ్ల మధ్య పెట్టుకుని, యుగానికో అక్షరం చొప్పున రాశాడు. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. అయినా కాగితం చేతికి రాగానే, మిత్రుణ్ణి వెంటబెట్టుకుని, దాని మీద చెయ్యి మాత్రం వేయనివ్వకుండా జూబ్లీహిల్స్ గుట్టల మీద షూటింగ్ దగ్గరికి పరుగెత్తాను.

సైన్యం భోజనాలు చేస్తోంది. అందరికీ మీసాలున్నాయి. కాటుకతో గీసినవి. చెమటకు కరిగి, మూతి మీదుగా జారి, పెరుగన్నంలో కలుస్తున్నాయి. మహావీరులు ఆ నల్లటి ముద్దల్ని జుర్రుకుంటున్నారు.

"ఆలస్యం చేశారండీ. గీయించేశాం," అన్నాడు మేనేజర్, నా కాగితం వైపైనా చూడకుండా. "భోంచేసి వెళ్లండి."

"చూసినవా అన్నా," గొణిగాడు మిత్రుడు, "గా కాటుకను ఎవడన్న సర్టిఫికెట్ అడిగిండా?"

వాడు రెండు ప్లేట్లు తిన్నాడు. నేను వాంతి ఆపుకుంటూ, సర్టిఫికెట్‌తో ఈగలు తోలుతూ కూర్చున్నాను.