పదమూడో కుర్చీ

హామిల్టన్‌లో మహా గ్రెగరీ పోపుగారి పండుగకు వెళ్లదలచినవారికి నా మొదటి సలహా, ఇంట్లో కడుపునిండా తిని బయలుదేరండి. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

నేను స్కార్‌బరోలో ఉంటూ కాలేజీలో చదువుకుంటున్నాను. మాది ఫిరంగిపురం దగ్గర ఊరు, పుట్టుకతోనే ఆర్.సి.ఎం. వాళ్లం. ఆగస్టులో ఒకరోజు శౌరి అంకుల్ ఫోన్ చేశారు. హామిల్టన్‌లోని తెలుగు కతోలిక కుటుంబాలకు ఆయన చైర్మన్. అమెరికా మీదుగా వచ్చిన సాఫ్ట్‌వేర్ మనిషి కనుక పండుగను కూడా ప్రాజెక్ట్ అనే అంటారు. "నీ తెలుగు బాగుంటుందమ్మా. పోపుగారి జీవితం నువ్వే రాసి మైకులో చదవాలి" అన్నారు. ఆ సాయంత్రమే విద్యార్థుల గ్రూపులో ఆయన మెసేజ్ కనిపించింది. పోపుగారి విందు సీనుకు పన్నెండుమంది పేదలు కావాలి, స్టూడెంట్స్ అయితే మంచిది, సింపుల్ బట్టల్లో రావాలి, తర్వాత బిర్యానీ.

పేదల వేషానికి బట్టలు వెతుక్కోవలసిన కష్టం మాలో ఎవరికీ లేదు. పన్నెండుమందీ హామిల్టన్‌లోనే దొరికేశారు.

మా ఇంటి బేస్‌మెంట్‌లో నరేష్ అని నల్గొండ అబ్బాయి ఉంటాడు. హోటల్లో గిన్నెలు కడిగేవాడు. విద్యార్థులు వరదలా వచ్చిపడ్డాక ఒక్కో పనికి వీధి మలుపుదాకా వరసలు కడుతున్నారు. వాడి షిఫ్టులు పోయాయి. ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకుకు వెళ్తే విదేశీ విద్యార్థులు రావద్దని తలుపుమీదే రాసి ఉందట. రెండు రోజులుగా బ్రెడ్డుతో నెట్టుకొస్తున్నాడని తెలిసి, నాతో రమ్మన్నాను.

"నిజంగనే బిర్యానీ ఉంటదా అక్కా?"

"ఉంటుంది రా. నాది పూచీ."

ఆదివారం ఉదయం ఎనిమిదికి సిటీ బస్సెక్కాం. తర్వాత సబ్‌వే, డౌన్‌టౌన్‌లో దిగి హామిల్టన్ వెళ్లే డబుల్ డెక్కర్. పైఅంతస్తులో ముందు సీటు దొరికితే వదలకండి, ఎడమవైపు సరస్సు కనిపిస్తుంది. ఈ ప్రయాణంలో మాటిచ్చినట్టు దొరికింది అదొక్కటే.

పక్క సీట్లో ఫిలిప్పీన్స్ ఆవిడ, హాస్పిటల్లో వార్డులు శుభ్రం చేస్తుందట. ఎవరి పండుగ అని అడిగింది. చెప్పాను. "పాటల పోపు కదా. చర్చి విందుకు ఖాళీ కడుపుతో వెళ్లాలి" అని నవ్వింది. నరేష్ ఆ నియమాన్ని అప్పటికే పాటిస్తున్నాడు.

చర్చిలో గ్రెగరీ పేరు మీద పాడే ఆ పాటలు ఆయన కట్టినవి కాకపోవచ్చని పండితులంటారు. బస్సులో నేను మరోసారి చదువుకున్న కాగితాల్లో మాత్రం పాటలకన్నా అన్నం ఎక్కువ. గ్రెగరీ రోములో ధనవంతుల బిడ్డ, నగరాధికారి. అన్నీ వదిలి సొంత ఇంటినే సన్యాసుల మఠం చేశాడు. వద్దన్నా పోపును చేశారు. అప్పుడు రోము నిండా తెగులు, యుద్ధం, ఆకలి. చర్చి భూముల ధాన్యం తెప్పించి పేదలకు పంచాడు. ఇంగ్లండుకు సన్యాసులను పంపాడు. తాను దేవుని సేవకుల సేవకుడినని రాసుకున్నాడు. మన అంకుల్ లెటర్‌హెడ్ మీద చైర్మన్ అన్న మాట ఆయన పేరుకన్నా పెద్దది.

నేను రాసినదాంట్లో రెండు ఘట్టాలను అంకుల్ కొట్టేశారు. ఊళ్లో ఒక బిచ్చగాడు ఆకలితో చనిపోతే, ఆ పాపం తనదేనని గ్రెగరీ కొన్నాళ్లు పూజ చేయలేదట. అది నెగటివ్‌గా ఉందన్నారు. రోజూ పన్నెండుమంది పేదలు తినే ఆయన బల్ల దగ్గరికి ఒకరోజు పదమూడోవాడు వచ్చాడని ఇంకో కథ. దానికి స్టేజీ మీద చోటు లేదన్నారు.

పదకొండున్నరకు చర్చి హాలు చేరాం. అంకుల్ అప్పటికే తెల్ల అంగీలో, అట్ట కిరీటంతో ఉన్నారు. పోపుగారి చెవిలో పావురం దేవుని మాట ఊదేదని కథ కాబట్టి భుజానికి దూది పావురాన్ని పిన్నుతో గుచ్చుకున్నారు. నరేష్‌ను చూసి ఆయన ముఖం మాడిపోయింది.

"ట్వెల్వ్ అనే కదమ్మా చెప్పాను. ఇంకొకరు కూర్చుంటే ఫోటోలో బ్యాలెన్స్ పోతుంది."

"కూర్చోకపోయినా ఫర్వాలేదంకుల్. భోజనం పెడితే చాలు."

"చూద్దాం. ముందు పక్కకు నిలబడమను."

నాకు ఒళ్లు మండిపోయింది. మైకు ముందుకు వెళ్లాను. పన్నెండుమంది పేదలు బల్ల చుట్టూ కూర్చున్నారు. మూతలు పెట్టిన వెండిరంగు పళ్లేలు, మధ్యలో పెద్ద రొట్టె. తెరపక్కన నరేష్ ఆ మూతలకేసే చూస్తున్నాడు. అంకుల్ కొట్టేసిన ఘట్టం నేను అందుకున్నాను.

"ఒకరోజు పదమూడోవాడు వచ్చాడు. వడ్డించేవాడు లెక్కపెట్టి పన్నెండుమందే అన్నాడు. పోపుగారికి మాత్రం పదమూడోవాడు కనిపించాడు. పిలిచి కూర్చోబెట్టారు."

చదివి ఆగి, తెరపక్కకు చూశాను. ముందు వరసలో ఫాదర్‌గారు పోపు వేషంలో ఉన్న అంకుల్‌కేసి చూశారు. ఫోన్లన్నీ పైకి లేచి ఉన్నాయి. గత్యంతరం లేక పోపుగారు చేయి చాచి, "రా నాయనా" అన్నారు. పిల్లల క్లాసు నుంచి నీలం ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. అందులో కూర్చుంటే నరేష్ గడ్డం బల్ల అంచుకు తగిలింది. చప్పట్లు మోగాయి. నేను గెలిచాననుకున్నాను.

మూతలు తీశారు. ప్లాస్టిక్ ద్రాక్ష, ప్లాస్టిక్ కోడి. ఫోటోకు విరవడానికి తెచ్చిన రొట్టె ఒక్కటే నిజమైనది. ఫోటోగ్రాఫర్ ఇంకొకటి అన్నాడు, పోపుగారు దాన్ని విరవకుండానే మళ్లీ నవ్వారు.

తర్వాత భోజనాలు. పేరు రిజిస్టర్ చేసుకున్న కుటుంబాల చేతులకు పసుపు పట్టీలు, వాళ్లు ముందు. పేదలు వరస చివర. పిల్లలు సగం తిన్న ప్లేట్లు చెత్తబుట్టలోకి పోతున్నాయి. "వాట్ అ వేస్ట్" అని ఒక పాప వాళ్లమ్మతో అంది, ఆ తల్లి మాత్రం ఇంటికి పట్టుకెళ్లే ట్రేలకు ఫాయిల్ చుట్టే పనిలో ఉంది. మా వంతు వచ్చేసరికి ట్రేలో బిర్యానీ ఆకులు, రెండు ఏలకులు మిగిలాయి.

"సారీ అమ్మా, కౌంట్ తప్పింది. నెక్స్ట్ ఇయర్ ప్రాపర్‌గా ప్లాన్ చేద్దాం" అన్నారు అంకుల్. అట్ట కిరీటం ఇంకా తీయలేదు.

నాలుగు గంటల బస్సెక్కాం. సీట్లో కూర్చోగానే ఫోన్ మోగింది. గ్రూపులో ఫోటో, కింద అంకుల్ వాక్యం. ఈరోజు పదమూడుమంది పేదలకు విందు ఇవ్వగలిగాం, దేవునికి స్తోత్రం. ఫోటోలో నరేష్ నుదురు మాత్రమే పడింది. గ్రెగరీ మీద నాకు కోపం లేదు. ఆయన అంగీ తొడుక్కుంటే ఆయన గుణం కూడా వస్తుందనుకునేవాళ్లను చూస్తేనే అసహ్యం. పూచీ పడింది నేను కాబట్టి నరేష్ ముఖం చూడలేకపోయాను.

వాడు జాకెట్ జిప్ తీశాడు. లోపల ఆ రొట్టె ఉంది. ఫోటోలయ్యాక అందరూ లేస్తున్నప్పుడు లోపల పెట్టేశాడట. విరిచి సగం నా చేతిలో పెట్టాడు. పైన గట్టిగా ఉన్నా లోపల మెత్తగానే ఉంది. సరస్సు ఈసారి కుడివైపుకు వచ్చింది.

"అక్కా, కథల ఆ పదమూడో ఆయన ఏం తిన్నడు?"

గుర్తుచేసుకున్నాను. ఆయన ముఖం వెలిగిందని, చివరికి దేవదూత అని తేలిందని చదివాను. ఏం తిన్నాడో ఎవరూ రాయలేదు.

"దేవదూత కదరా. ఆకలి ఉండదు."

నరేష్ ముక్క నమిలి మింగాడు.

"గందుకే కూసొవెట్టిన్రేమో."