ముల్లంగి ఆకులు

ఆ మోసం షెఫ్‌ది కాదు, నాది. మస్కట్ హోటల్లో ఆ జపాన్ షెఫ్ సహం అనే ఊరి తోటలో పండించిన జపాన్ ముల్లంగి మాత్రమే వండేవాడు. ఆకులు పారేశానని అందరిముందూ నాచేత చెత్తబుట్టలోంచి ఏరించాడు. కక్షతో, స్టోర్‌కీపర్‌నైన నేను దిగుమతి ముల్లంగి కలిపి, ఆయనే కలిపించాడని మేనేజరుకు చెప్పాను. ఆయన్ని పంపించేశారు.

తర్వాత ఒకరోజు సహం నుంచి మస్కట్ వస్తుంటే, బస్సులో పక్కన కూర్చున్న జగిత్యాల మనిషి ఆ తోట పనివాడే.

“షెఫ్ సాబ్‌ను తీసేసిండ్రు, హోటల్ ఆర్డర్ పోయింది, నా డ్యూటీ పోయింది. రుసైల్ ఫ్యాక్టరీలల్ల పని దేవులాడాలె. షెఫ్ సాబ్ అసొంటోడు కాదన్నా. కలిపినోడు దొరకాలె, చెత్తడబ్బల తల ముంచుత!”

సంచిలోని ముల్లంగి విరిచి, ఆకులున్న సగం నాకిచ్చాడు. “ఆఖరి పంట. ఆకు పారెయ్యకు, సాబ్ తిడ్తుండె.”

రుసైల్ వచ్చేదాకా ఒక్క ఆకూ వదలకుండా నమిలాను.

“మంచోనివన్నా,” అని భుజం తట్టి దిగిపోయాడు.